మొదటి నీళ్ళు

పుష్య బహుళ పాడ్యమి

ధనోరాలో డయాలిసిస్ మిషను ఆగిపోయింది. మరమ్మతుకు కావలసిన ముక్క లేదు, ఎక్కడైనా దొరుకుతుందన్న కబురూ లేదు. దాని మీద బతుకుతున్నవాళ్ళు ఊళ్ళో ఒక్కరే మిగిలారు. లారీ డ్రైవర్ ముత్తెన్న భార్య రుక్మాబాయి. పనిచేసే మిషను నిర్మల్‌లో ఉంది. వంతెన కూలిన దగ్గర నుంచి నిర్మల్‌కు అడవి చుట్టు దారే గతి. మంచు పొడిగా ఉంటే మూడు రోజులు, లేకపోతే నాలుగు. పొద్దు వాలాక బండి నడపకూడదని రోడ్డు కమిటీ నియమం.

రుక్మాబాయి అయిదు రోజులు ఆగగలదని నర్సు చెప్పింది, రోజుకు ఒక టీ గ్లాసుకు మించి నీళ్ళు తాగకపోతే. ఆరో రోజు సంగతేమిటని అడిగాను. నర్సు మందుల డబ్బా సర్దుకుంది.

బండిలో నాగపూర్ వైపు నుంచి వచ్చిన ఉప్పు బస్తాలున్నాయి. ముందు సీట్లో ముగ్గురం: ముత్తెన్న, రుక్మాబాయి, నేను. నా పని ఉత్తర దారి రేడియోకు వార్తలు పంపడం. బండి ఏ ఊళ్ళో ఆగితే అక్కడి నుంచి సాయంత్రం వార్తలు చదువుతాను. దారిలోని ఊళ్ళన్నీ వింటాయి. పత్రికలు పోయి చాలా కాలమైనా నన్ను అందరూ పేపరక్క అనే పిలుస్తారు.

మొదటి మజిలీ లోహర. బండి ఆగగానే లింగవ్వ చెంబుతో వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆ ఊరి తరఫున మొదటి నీళ్ళు పోసేది ఆమే.

ఎండల ఏళ్ళలో ఈ ఊళ్ళకు తాగునీళ్ళు ట్యాంకర్లలో వచ్చేవి. ట్యాంకర్ ఇంజను మరిగి దారిలో ఆగిపోతే ఊరికి నీళ్ళు లేవు. అందుకని వచ్చిన బండి రేడియేటర్‌లో ముందు పోసి, ఆ తరవాతే మనుషులు తాగేవారు. తరవాత ఎండను ఆపడానికి ఆకాశానికి తెర కట్టారు. వేడి రెండు డిగ్రీలు తగ్గుతుందన్నారు. ఈ మధ్యాహ్నం లోహరలో సున్నాకు ఆరు డిగ్రీల కింద ఉంది. ట్యాంకర్లు ఇప్పుడు రావు. మొదటి నీళ్ళు మాత్రం పోస్తారు.

ముత్తెన్న ఇంజను చల్లారే దాకా ఆగి, గుడ్డ పట్టుకుని మూత తిప్పాడు. లింగవ్వ పోసింది. పొంగేదాకా పోయాలి. పొంగకపోతే ఊరు బండి మీద ఏదో మనసులో పెట్టుకున్నట్టు లెక్క. పొంగి కారింది మంచు మీద పడి ఆకుపచ్చగా మరక కట్టింది. డిపోలో బండికి పోసే నీళ్ళకు ఆ రంగు ఉంటుంది.

"చూసినవా పేపరక్కా, నాకేమో టీ గ్లాసు, దానికేమో చెంబు" అంది రుక్మాబాయి కిటికీలోంచి. "వచ్చే జన్మల లారీనై పుడ్త."

"పుట్టు. నేనే నడుపుత" అన్నాడు ముత్తెన్న.

"అప్పుడు గూడ నీ చేతికేనా? వద్దు తియ్."

లింగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పుష్య బహుళ విదియ

లోహర దాటి రెండు గంటలు నడిచాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. బయట సున్నాకు పదకొండు కింద. ముత్తెన్న అద్దం మీద వేలితో కొట్టాడు. ముల్లు దిగలేదు.

"ముల్లు ఖరాబైనట్టుంది."

మలుపు తిరిగేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ముల్లు ఖరాబు కాలేదు.

బండి ఆపి బానెట్ ఎత్తాడు. ఎక్కడా కారడం లేదు. ఫ్యాన్ బెల్టు బిగుతుగా ఉంది. రేడియేటర్ ముందు జాలీకి డిపోవాళ్ళు కాన్వాసు గుడ్డ కట్టి పంపుతారు, చలికాలం బళ్ళన్నిటికీ. ముత్తెన్న దాన్ని విప్పి వెనక బస్తాల మీద పడేశాడు.

"దీంతోనే. గాలి తగుల్తలేదు. ముక్కు మూస్తె ఇంజన్ ఎట్ల బతుకుతది?"

ఈ మనిషి ఎండల ఏళ్ళలో ఇరవై ఏళ్ళు ట్యాంకర్ నడిపాడు. ఇంజను వేడెక్కితే చేయవలసినవి అతనికి రెండు తెలుసు. గాలి తగిలేలా చూడటం, నీళ్ళు పోయడం. గాలికి దారి చేశాడు. మరిగి బయటికి పోయినంత మేర క్యాన్‌లోని నీళ్ళు పోశాడు. కాసేపు ఆగి స్టార్ట్ చేస్తే ముల్లు నడిమికి వచ్చి నిలబడింది. "చూసినవా" అన్నాడు.

తరవాత మళ్ళీ లేచింది. మళ్ళీ ఆగాం, మళ్ళీ పోశాం, మళ్ళీ నడిచింది.

బోరిగాం చేరేసరికి సాయంత్రమైంది. అక్కడ వాళ్ళు రెండు చెంబులు పోశారు. పొంగింది. ఈసారి మంచు మీద మరక లేత పచ్చగా పడింది. రుక్మాబాయి తన గ్లాసులో మిగిలిన నీళ్ళను నాలుక మీద కొంచెం కొంచెం వేసుకుంటోంది.

"జల్ది మింగితే అయిపోతయ్" అని నాకు వివరించింది. "ముందుగాల పండ్లకు చెప్పాలె, తర్వాత నాలికెకు, ఆఖర్కి గొంతుకు. గొంతుదాక వచ్చేసరికి నీళ్ళుండయ్. కని గొంతుకు ఆ సంగతి తెల్వది."

సాయంత్రం వార్తల్లో చదివింది ఇది: "నిర్మల్ వెళ్ళే ఉప్పు బండి ఇంజను వేడెక్కుతోంది. తరచు ఆపి నీళ్ళు పోయవలసి వస్తోంది. బండిలో డయాలిసిస్ అవసరమైన రోగి ఉన్నారు."

పుష్య బహుళ తదియ

వడ్గాం మా కోసం ఎదురు చూస్తోంది. వార్త విన్నారు. దారి పక్కన ఏడు బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. బావి గడ్డకట్టింది కాబట్టి మంచు కరిగించి నింపారు. ఇంటికి ఇన్ని కట్టెలని పోగుచేసి మంట వేశారట. వడ్గాంలో వంటకే కట్టెలు చాలవు. ఒక ఇంటి వాకిలికి తలుపు లేకపోవడం, గొంగడి వేలాడుతుండడం చూశాను. ఆ తలుపు ఏమైందని అడగలేదు. మంటలో మసిబారిన గొళ్ళెం కనబడింది.

"మీరు వార్తల చెప్పిన్రు గదా, గందుకే" అన్నాడు సర్పంచ్ సాయిరెడ్డి. "మా ఊరికి వచ్చినంక బండి ఆగొద్దు. రుక్మక్క మా ఆడబిడ్డ లెక్క."

ముత్తెన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఒకటి తరవాత ఒకటి బిందెలు వంచారు. పొంగింది, ఇంకా పోశారు, ఇంకా పొంగింది. ఈసారి మంచు మీద మరక పడలేదు.

"సాఫ్ నీళ్ళొస్తున్నయ్. లోపట తుప్పు లేదు" అన్నాడు ముత్తెన్న.

ఆ తరవాత అక్కడే ఇంజను విప్పాడు. రుక్మాబాయిని సాయిరెడ్డి భార్య పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. నేను ముత్తెన్నకు స్పానర్లు అందించాను. రేడియేటర్‌కు నీళ్ళు వెళ్ళే దారిలో థర్మోస్టాట్ అని ఒక చిన్న వాల్వు ఉంటుంది. ఇంజను వేడెక్కితే అది తెరుచుకోవాలి. దాన్ని ఊడదీసి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాడు. నీళ్ళు మరిగేసరికి నోరు తెరిచింది. అది మంచిదే. మూత తీసి ఇంజను నడిపితే లోపల నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. వాటర్ పంపు మంచిదే. నూనె పుల్ల లాగి చూస్తే నూనె నల్లగా ఉంది, నీళ్ళు కలిస్తే వచ్చే పాల రంగు లేదు. అంటే హెడ్ గ్యాస్కెట్ కూడా మంచిదే.

"అన్ని మంచిగనే ఉన్నయ్" అన్నాడు ముత్తెన్న. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం బాగా లేదు.

బండి కదపకుండానే సాయంత్రం దాకా ఇంజను నడిపి చూశాడు. మరగలేదు.

రుక్మాబాయికి చెప్పులు పట్టడం లేదు. పాదం మీద వేలు నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతోంది. సాయిరెడ్డి భార్య అంబలి తెచ్చింది. అంబలి కూడా నీళ్ళ లెక్కేనని రుక్మాబాయి వద్దంది. తెచ్చినామె చిన్నబోయింది.

"తప్పుగ అనుకోకు చెల్లె" అంది రుక్మాబాయి. "నా వాట బండి తాగింది."

పుష్య బహుళ చవితి

ఘాటు కొండ దారి మీద ఉన్నాం. ఇది దిగితే నిర్మల్.

క్యాబిన్ హీటర్ పొద్దుటి నుంచి చల్లని గాలి ఊదుతోంది. రుక్మాబాయి మూడు గొంగళ్ళు కప్పుకుని నిటారుగా కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. మాట్లాడితే మాట మధ్యలో ఆగుతోంది.

ఘాటు ఎక్కేటప్పుడు ఒకసారి మరిగింది. పైన చదునులో గాలికి ఎదురుగా పోతుంటే రెండుసార్లు. దిగుడు మొదలవగానే ఇంకోసారి. ప్రతిసారి మంచు కరిగించి పోశాం. స్టవ్‌లో కిరోసిన్ అడుక్కు వచ్చింది. నాలుగోసారి ఆగినప్పుడు ముత్తెన్న బంపర్‌ను కాలితో తన్ని, తరవాత దాన్నే పట్టుకుని నిలబడ్డాడు.

వార్త కోసం వెళ్ళినప్పుడు అడిగే ప్రశ్నలే అడిగాను.

"ఎప్పుడు వేడెక్కుతోంది? ఆగి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా?"

"నడుస్తుంటేనే. నిన్న ఆగి ఉన్నప్పుడు పొద్దంత ఏం గాలేదు."

"ఎక్కుడులోనా, దిగుడులోనా?"

"రెండిట్ల... ఇప్పుడు దిగుట్లనే గదా మరిగింది."

"ఎదురుగాలి ఉన్నప్పుడు?"

అతను తనతో తనే అన్నట్టు మాట్లాడాడు.

"ఎండలల్ల ఉల్టా ఉండె. ఎక్కుట్ల మరిగేది, దిగుట్ల సల్లవడేది. గాలి తగుల్తే పానం లేసొచ్చేది. ఇప్పుడు గాలి తగుల్తెనే మరుగుతుంది." నా వైపు తిరిగాడు. "పేపరక్కా, జాలీకి కట్టిన గుడ్డ నేను ఎన్నడు తీసిన?"

"విదియ నాడు."

"అది తీసినంక తక్కువైందా, ఎక్కువైందా?"

"ఎక్కువైంది."

చేతి తొడుగు తీసి రేడియేటర్ పై పైపు ముట్టుకున్నాడు. చటుక్కున చేయి లాక్కున్నాడు. కాలింది. వంగి కింది పైపు పట్టుకున్నాడు. ఈసారి చేయి తీయడానికి కష్టపడ్డాడు. అరచేయి మంచుకు అంటుకుంది.

పైన మరుగుతున్న నీళ్ళు, కింద గడ్డకట్టిన పైపు. రెంటికీ మధ్య రెండు మూరల దూరం కూడా లేదు.

కింద నీళ్ళు వదిలే బిరడా తిప్పాడు. ఏమీ రాలేదు. తీగ పెట్టి పొడిచాడు. మంచు పలుకులు కలిసిన ముద్ద కొంచెం చెంబు మూతలోకి జారింది. దానికి రంగు లేదు. వాసన చూశాడు.

"డిపోల పోసిన పచ్చనీళ్ళకు తియ్యటి వాసనుంటది. అవ్వి గడ్డగట్టయ్. గందుకే పోస్తరు." మూతలో ఉన్నది మేం చూస్తుండగానే అంచుల నుంచి గట్టిపడింది. "ఆ పచ్చనీళ్ళేడ పోయినయ్?"

లోహరలో మంచు మీద చూశానని చెప్పాను. బోరిగాంలో కూడా చూశాను, ఇంకా లేతగా. వడ్గాంలో చూడలేదు.

ముత్తెన్న బంపర్ మీద కూర్చున్నాడు.

"పొంగేదాక" అన్నాడు.

జరిగింది ఇది. ప్రతి ఊళ్ళో మంచినీళ్ళు లోపలికి పోయాయి, ఆ మేరకు పచ్చనీళ్ళు బయటికి పొంగాయి. మిగిలింది పలచబడింది. నడిచేటప్పుడు చలిగాలికి రేడియేటర్ అడుగు గడ్డకట్టి నీళ్ళ దారి మూసుకుపోయింది. దారి లేక ఇంజను మరిగింది. మరిగితే ఆపాం. ఆపితే ఇంజను వేడికి గడ్డ కరిగింది. అప్పుడే నీళ్ళు పోశాం కాబట్టి నీళ్ళ వల్లే నయమైందనుకున్నాం. నా వార్త విని వడ్గాం బిందెలు నింపింది. ఆ వార్తలో ప్రతి మాటా నిజమే.

"ఏమైందయ్యా?" క్యాబిన్‌లోంచి రుక్మాబాయి. "దొరికిందా?"

"దొరికింది."

"ఏంది మరి?"

"పైపుల కచర అడ్డం వడ్డది. సిన్న పని."

"అబద్ధమాడితె... నీ చెవులు ఎర్రగైతయ్."

"సలికైనయే."

ఆమె గొంగళ్ళు దగ్గరికి లాక్కుంది.

పచ్చనీళ్ళు నిర్మల్ డిపోలో తప్ప దొరకవు. ముత్తెన్న బండి వెనక్కి వెళ్ళి ఉప్పు బస్తా ఒకటి దించి కుట్లు విప్పాడు. ఘాటు రోడ్డు మీద మంచు కరగడానికి కమిటీవాళ్ళు ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్ళు అంత త్వరగా గడ్డకట్టవు.

"ఇంజను ఏమవుతుంది?" అని అడిగాను.

"తుప్పు తింటది. రెండు నెల్లు ఆగితే మస్తు."

"కమిటీవాళ్ళు అడిగితే?"

"అడగనీ."

జాలీకి గుడ్డ మళ్ళీ కట్టాడు. మిగిలిన కిరోసిన్‌తో స్టవ్ వెలిగించి రేడియేటర్ కింద పెట్టి, గడ్డ కరిగించి, పాత నీళ్ళన్నీ వదిలేశాడు. రుక్మాబాయి మీది గొంగళ్ళలో ఒకటి ఆమే తీసి ఇంజనుకు కప్పమని ఇచ్చింది. వేడినీళ్ళలో ఉప్పు కలిపి, కలిపి, ఇక కరగదన్నంత దాకా కలిపి పోశాడు. ఈసారి పొంగనివ్వలేదు. ఇదంతా అయ్యేసరికి పొద్దు వాలింది. కమిటీ నియమం ఉన్నా బయలుదేరదామన్నాడు ముత్తెన్న. ఘాటు దిగుడు మీద అద్దంలా మంచు పరుచుకుని ఉంది. బండి జారితే ముగ్గురం పోతాం. రుక్మాబాయే వద్దంది.

సాయంత్రం వార్తల్లో చదివింది: "ఉప్పు బండి ఘాటు మీద ఉంది. లోపం దొరికింది. రేపు నిర్మల్ చేరుతుంది."

పుష్య బహుళ పంచమి

తెల్లవారగానే బయలుదేరాం. ముల్లు నడిమికి వచ్చి అక్కడే నిలిచింది. గాలి ఎదురుగా కొడుతున్నా కదలలేదు. హీటర్‌లోంచి వెచ్చటి గాలి వచ్చింది.

"ఇయ్యాల మంచిగుంది" అంది రుక్మాబాయి. పెదవులు నీలంగా ఉన్నాయి.

ముత్తెన్న రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని దారి వైపే చూస్తున్నాడు. ప్రతి మలుపులో ముల్లు చూస్తున్నాడు, తరవాత ఆమెను చూస్తున్నాడు.

ఘాటు సగం దిగాక ఆమె నీళ్ళడిగింది.

"గ్లాస్ పొద్దుగాల్నే అయిపోయిందే" అన్నాడు.

"గ్లాస్ కాదు. చెంబుల ఇయ్యి."

అతను నా వైపు చూశాడు. బండి పక్కకు ఆపాడు. ఇంజను ఆపలేదు. క్యాన్‌లో మిగిలిన నీళ్ళు చెంబులో పోసి ఆమె తల పట్టుకుని తాగించాడు. సగం తాగింది. కొంచెం గడ్డం మీదుగా కారింది. అతను తన మఫ్లర్‌తో తుడిచాడు.

"సల్లగున్నయ్" అంది. కొంచెం సేపయ్యాక, "నీ చెవులు ఇంక ఎర్రగనే ఉన్నయ్" అంది.

ఆ తరవాత మాట్లాడలేదు. కింద నిర్మల్ ఇళ్ళ కప్పులు కనిపించే మలుపు దగ్గర ఆమె తల నా భుజం మీదికి వాలింది. చేయి పట్టుకుని చూశాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

"ముత్తెన్నా" అన్నాను.

"తెల్సు" అన్నాడు.

బండి ఆపలేదు. హీటర్ కట్టేయలేదు. మిగిలిన దారంతా అదే వేగంతో నడిపి ఆసుపత్రి గేటు ముందు ఆపాడు. ముల్లు నడిమిలోనే ఉంది.

పుష్య బహుళ షష్ఠి

దహనం పొద్దున జరిగింది. కట్టెలు ఆసుపత్రి ఇచ్చింది.

అంతకుముందు ముత్తెన్న అక్కడి నర్సును రెండు ప్రశ్నలు అడిగాడు. ఆఖర్న తాగించిన నీళ్ళ వల్ల పోయిందా అన్నది మొదటిది. కాదని నర్సు చెప్పింది. అప్పటికే గుండె ఆగే దశకు వచ్చి ఉంటుందంది. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే బతికేదా అన్నది రెండోది. అతను కదలకుండా నిలబడ్డాడు. "బతికేది కావచ్చు" అంది నర్సు.

డిపో మెకానిక్ రేడియేటర్ మూడుసార్లు కడిగి పచ్చనీళ్ళు పోశాడు. ఉప్పు పూర్తిగా వదలదన్నాడు. ముత్తెన్న విన్నట్టు లేదు. గోడకు ఆనుకుని, ఉత్త టీ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అది రుక్మాబాయి గ్లాసు.

"పేపరక్కా, రేడియోల ఏం చెప్తవ్?"

"జరిగింది చెప్తాను."

"ఊర్ల పేర్లు చెప్తవా?"

"చెప్పకపోతే ఇంకో బండిలో కూడా ఇలాగే పోస్తారు ముత్తెన్నా. ఆ బండిలోనూ ఎవరో ఉంటారు."

"చెప్తే వడ్గామోళ్ళకు బుక్క దిగుతదా? తలుపు కాలవెట్టి నీళ్ళు కాగవెట్టిన్రు." గ్లాసును తిప్పుతూ అన్నాడు. "లింగవ్వ ఉరివెట్టుకుంటది."

అతను అన్నది నిజం. నేను అన్నదీ నిజమే. ముప్పై ఏళ్ళుగా నిజం ఒకటే ఉంటే ఎలా రాయాలో నేర్చుకున్నాను.

సాయంత్రం మూడు అంశాలు చదివాను. మొదటిది: "చలికాలంలో బళ్ళ రేడియేటర్‌లో డిపో పోసిన పచ్చనీళ్ళు తప్ప వేరే నీళ్ళు పోయరాదు. ఇంజను పాడవుతుంది. ఇకపై ఊళ్ళు మొదటి నీళ్ళు బండి ముందు చక్రం మీద పోయాలని డ్రైవర్లు కోరుతున్నారు." రెండోది వాతావరణం. రానున్న రోజుల్లో అడవి దారిలో మంచు ఎక్కువ, ఘాటు మీద జాగ్రత్త. మూడోది: "ఉప్పు బండి డ్రైవర్ ముత్తెన్న భార్య రుక్మాబాయి కిడ్నీ జబ్బుతో పంచమి నాడు నిర్మల్ దారిలో మరణించారు."

మూడూ నిజాలే. మొదటిదానికీ మూడోదానికీ మధ్య వాతావరణం పెట్టాను.

పుష్య బహుళ ఏకాదశి

తిరుగు దారి. బండిలో జొన్నలు. మధ్య సీటు ఖాళీగా ఉంది. నేను తలుపు పక్కనే కూర్చుంటున్నాను.

వడ్గాంలో సాయిరెడ్డి ముత్తెన్నను కౌగలించుకున్నాడు. "మా నీళ్ళు సరిపోయినయా అన్నా?" అని అడిగాడు.

"సరిపోయినయే" అన్నాడు ముత్తెన్న. చలికి అతని చెవులు ముందే ఎర్రగా ఉన్నాయి.

ఒక చెంబు తెచ్చి చక్రం మీద పోశారు. తలుపు లేని వాకిలికి గొంగడి ఇంకా వేలాడుతోంది. బోరిగాంలో కూడా చక్రం మీదే పోశారు. ఎవరూ మరేమీ అడగలేదు.

ఈ మధ్యాహ్నం లోహర చేరాం. లింగవ్వ చెంబుతో దారిలోనే నిలబడి ఉంది. ముత్తెన్న దిగాడు. ఆమె వంగి ముందు చక్రం మీద నీళ్ళు పోసింది. చెంబు ఖాళీ అయ్యాక కూడా వంగే ఉంది. తరవాత నా వైపు తిరిగింది.

"నువ్వు నడుమల మంచు ముచ్చట వెట్టినవ్ పేపరక్కా."

నేను తడిసిన చక్రం వైపు చూశాను.

"బండి ముచ్చటకు, రుక్మ ముచ్చటకు నడుమల" అంది. "ముసల్దాన్నైన గని చెవులు మంచిగనే ఉన్నయ్." ముత్తెన్న చేయి పట్టుకుంది. "నేను పొంగేదాక పోసిన బిడ్డా."

"అందరం పోసినం అవ్వా" అన్నాడు ముత్తెన్న. "మూత తీసింది నేను."

ఇద్దరూ చేతులు వదలకుండా బండి ముందు నిలబడ్డారు. నేను రేడియో సెట్ సర్దుకుంటున్నట్టు వెనక్కి వెళ్ళాను.

లింగవ్వ మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి ఇంకో చెంబు నింపుకుని వచ్చింది. తలుపు తెరిచి మధ్య సీటు మీద పెట్టింది. పడిపోకుండా చుట్టూ గొంగడి మడత పెట్టింది. ముత్తెన్న చూశాడు, వద్దనలేదు. జేబులోంచి టీ గ్లాసు తీసి చెంబు మీద బోర్లించాడు.

పొద్దు వాలకముందే ధనోరా చేరాలి. అతను స్టార్ట్ చేశాడు. ముల్లు మెల్లగా నడిమికి వచ్చి ఆగింది. చక్రం మీద పోసిన నీళ్ళు అప్పటికే గట్టిపడి ఉన్నాయి. చక్రం మొదటి చుట్టు తిరగగానే అవి పెళపెళమని విరిగి రాలాయి.